గోడ మీది మడులు

ఆగస్టు పద్దెనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం మాస్టారు తిన్నవి రెండు ఉడకబెట్టిన చిలగడదుంపలు, ఉప్పద్దిన ముల్లంగి ముక్కలు నాలుగు. మూడో దుంప చేతిలో ఉండగానే జీపు వచ్చింది. ఆ దుంప ఆయన తినలేదు. దాన్ని ఒలిచి చేతిలో పెట్టింది ఆకుకూరల అవ్వ. పెట్టిన మరు నిమిషంలో ఆమె మడిలోకి బూటుకాలు దిగింది.

మూతపడిన నూలుమిల్లు వెనక ముప్పై నాలుగు మడులున్నాయి. ఒకప్పుడు అది మిల్లు బూడిద, పగిలిన సీసాలు పారబోసిన చోటు. పని పోయిన మిల్లు కూలీలు, నాలుగిళ్లలో అంట్లు తోముకునేవాళ్లు, బండి లాగేవాళ్లు ఆ దిబ్బను తవ్వి, పెంకులు ఏరి, ఆకూ పేడా కుళ్లబెట్టి పోసి, గంపెడు గంపెడుగా నేల చేశారు. అక్కడ పండింది ‘నేల బడి’ వంటశాలకు వెళ్తుంది. అక్కడినుంచి రెండు బడుల పిల్లల కంచాల్లోకి వెళ్తుంది. నేల బడి ఒక సేవాసంస్థ. ఆస్తి అంటే ఒక వంటశాల, ఒక గది, ఒక తోపుడుబండి. మనుషులు నలుగురు. తినేవాడికి పండించేవాడు తెలియాలన్నది వాళ్ల మాట. పిల్లలను మడులకు తీసుకొచ్చి వానపామును అరచేతిలో పెట్టి చూపిస్తారు. మట్టి పాఠం చెప్పేది మాస్టారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయిన ఏడాది ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక వచ్చారు, ఉండిపోయారు.

జీపులోంచి సర్వేయరు, బడి భోజనం పొట్లాల కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు, గొలుసు పట్టుకున్న కూలీ దిగారు. ఎర్రరంగు పూసిన మేకులు తెచ్చారు. మొదటి మేకు అవ్వ మడిలోనే దిగింది.

“నాయనా, కాలు తియ్యి. అది నిన్ననే మొలిచింది,” అంది అవ్వ.

సర్వేయరు కాలు తియ్యలేదు. చేతిలో కాగితం చూసి చదివాడు. “ఏడో మడి. ఆకుకూరల అవ్వ. పాలకూర, మెంతి. తొమ్మిదేళ్లుగా సాగు. ఆక్రమణ.”

“నా సంగతంతా నీకెవరు చెప్పారు బాబూ?”

“మీవాళ్లే!” సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. “వంటశాల గోడ మీద రంగుల్లో వేసి పెట్టారుగా, ఎవరు, ఎక్కడ, ఏం పండిస్తారో! ఫోటో తీసుకున్నాం. నెల పట్టే సర్వే పూటలో అయిపోయింది. మాస్టారి దస్తూరీ కూడా ముత్యాల్లా ఉంది.”

ఆ బొమ్మ మాస్టారు పిల్లలతో కలిసి వేయించింది. ప్రతి మడికీ అంకె, మనిషి, పంట, ఎన్నేళ్లుగా అన్నది, ఏదీ వదలకుండా రాశారు. ఏదీ దాచకూడదని పిల్లలకు చెప్పిన మనిషి గదా.

వాళ్లు ముప్పై నాలుగు మేకులూ కొట్టి వెళ్లిపోయారు. గొలుసు కూలీ మాత్రం ఒక్క క్షణం వెనకబడ్డాడు. వంగి, మేకు పక్కకు ఒరిగిన మొలకను రెండు వేళ్లతో నిలబెట్టి, మొదలు దగ్గర చిటికెడు మట్టి అదిమి, ఎవరూ చూడలేదనుకుని పరుగెత్తాడు. మాస్టారు చూశారు.

ఆ సాయంత్రం వంటశాలలో కాలు పెట్టే చోటు లేదు. గంగాళాల మీద, బియ్యం బస్తాల మీద, గడప మీద మనుషులు. రెండు బడుల భోజనం కాంట్రాక్టు ఒక పెద్దమనిషికి దక్కిందని, ఎక్కడో వండి పొట్లాల్లో సీలు వేసి పంపుతాడని, ఆ పొట్లాల గోడౌను కోసం ఈ నేల కావాలని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఇంకో సంగతి నేల బడి కార్యదర్శి చెప్పాడు. పదేళ్లు దాటి సాగులో ఉన్నవాళ్లను వేరే చోటు చూపించకుండా ఖాళీ చేయించకూడదని రూలుంది.

“మరింకేం!” అంది వంటమనిషి. ఆమెకూ ఒక మడి ఉంది. ఆమెను అందరూ తుపాను అంటారు. ఆమె గరిటె తిప్పినా, నోరు తిప్పినా పక్కవాళ్లు సర్దుకుని కూర్చోవాల్సిందే.

“ఇంకేం లేదు. గోడ ప్రకారం ఒక్కరికీ తొమ్మిదేళ్లు దాటలేదు.”

“తొమ్మిదా?” అవ్వ గడప మీదనుంచి లేచింది. “నా మడికి తొమ్మిదేళ్లా? మిల్లు మూసిన చలికాలం మా ఆయన, నేను పార పట్టాం. ఆయన ఆ బూడిద దగ్గుతూనే పోయాడు. తొమ్మిదని ఎవరు రాశారు?”

మాస్టారే లేచారు. “నేనే అవ్వా. నువ్వు మా సంస్థలో చేరిన ఏడాది వేశాను. అందరికీ అలాగే వేశాను.”

“అంటే మీరొచ్చాకే మేం పుట్టామా?” బండి లాగేవాడు అడిగాడు.

“ఏడాదికోసారి రిపోర్టులో ఆ బొమ్మే వేసుకున్నారు గదా!” తుపాను అందుకుంది. “నేల బడి బంజరును పచ్చగా మార్చింది అని! తవ్వింది మేం, మోసింది మేం, ఫోటోలో పార పట్టింది మీరు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని, మీ మంచితనం మా కొంప ముంచింది మాస్టారూ!”

ఆయన తలవంచుకోలేదు. “నిజమే,” అన్నారు. ఆ ఒక్క మాటతో తుపాను కొంచెం తగ్గింది.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాడు, ఏడేళ్లుగా దాతల గుమ్మాలు ఎక్కి దిగి మెడ వంగిపోయినవాడు. “శుక్రవారం విచారణ. గోడ బొమ్మ కాగితం కాదు గదా, మాస్టారు సంతకం పెడితేనే చెల్లుతుందట. పెడితే, గోడౌను ఆవరణలో మనకు రెండు మడులు, పాఠాలకు ఒక హాలు ఇస్తామన్నారు. పెట్టకపోతే సంస్థ గుర్తింపే రద్దు చేస్తారట. పోరాటం మన నిబంధనల్లో లేదు. మనది సేవ.”

“రెండు మడుల్లో ఏం పండిస్తావు తమ్ముడూ, పిల్లలకు చూపించడానికి మమ్మల్నా?” అంది తుపాను. “ఇదిగో, ఇక్కడ పూర్వం మనుషులు ఉండేవారు, వానపాములతో కలిసి మట్టి తవ్వి పాలకూర పండించేవారు, అని చెబుతావా?”

నవ్వు గుప్పుమంది. నవ్వుతోబాటే భయం సగం పోయింది. అయినా మిగిలిన సగం మాస్టారి వైపే చూస్తోంది. ముప్పై నాలుగు కుటుంబాల నేల ఇప్పుడు ఆయన కుడిచేతి వేళ్ల సందున ఉంది.

శుక్రవారం మిల్లు ఆవరణలో బల్ల, కుర్చీ వేశారు. అధికారి కూర్చున్నాడు. ఎదురుగా మడులవాళ్లు, పిల్లల తల్లులు, పనిలోంచి సెలవు పెట్టి వచ్చినవాళ్లు రెండు వందలమంది నిలబడ్డారు.

“పదేళ్లకు పైబడిన సాక్ష్యం ఎవరి దగ్గరైనా ఉందా? పట్టా, పన్ను రశీదు?”

“ఉంది,” అంది అవ్వ. “నా మడిలో ఉంది. వచ్చి చూడు నాయనా.”

“ఏమిటది?”

“వరద.”

అధికారి విసుక్కుంటూనే లేచాడు. అవ్వ పార అందుకుని మడి అంచున నిలువుగా దిగేసింది. తుపాను, బండి లాగేవాడు చెరో పక్క మట్టి తీశారు. మోకాలి లోతు గుంట అయ్యేసరికి అవ్వ దాని అంచును చేత్తో నున్నగా చెక్కింది. పైన జానెడు నల్లమట్టి. దాని కింద బెత్తెడు పసుపుపచ్చని ఒండ్రు, గీత గీసినట్టు. ఒండ్రు కింద మళ్లీ నల్లమట్టి. అందులో ఎండి నల్లబడిన వేళ్లు, గుడ్డుపెంకులు. అన్నిటికీ అడుగున మిల్లు బూడిద, సీసా ముక్కలు.

“ఈ పచ్చమట్టి వరద తెచ్చింది. ఆ ఏడు నా చేతికి బలం లేదు, తవ్వకుండా దాని మీదే ఎరువు పోసుకున్నాను,” అంది అవ్వ. “వరద ఎప్పుడొచ్చిందో అటు చూడు.”

మిల్లు గోడ మీద నీరెక్కిన గీత. దాని పక్కన తేదీ. రాయించింది అధికారి ఆఫీసే. పదకొండేళ్లు దాటింది.

“వరదకు ముందే ఇక్కడ నల్లమట్టి ఉందంటే, దాన్ని ఎవడు చేశాడయ్యా? మీ ఆఫీసా?”

జనం హోరుమన్నారు. మాస్టారికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. తొమ్మిదేళ్లుగా మట్టి పొరల పాఠాన్ని గాజుసీసాలో చూపించి చెప్పిన మనిషి, ఆ పొరలను ఈ మడిలో చదవలేదు. అక్షరం రాని అవ్వ చదివింది.

అధికారి గుంటలోకి వంగి చూశాడు. తరువాత సూపర్‌వైజరు చెవిలో ఏదో ఊదాడు.

“సరే. ఏడో మడి విషయం ఒప్పుకుంటున్నాం. అవ్వకు వేరే చోట స్థలం ఇస్తాం. మిగతా ముప్పై మూడు గోడ తేదీల ప్రకారమే. మాస్టారూ, సంతకం పెట్టండి.”

కొందరు అవ్వ వైపు చూడకుండా నేల చూశారు. కాటికి కాళ్లు చాపిన వయసులో బంగారంలాంటి మాట. ఎవరు మాత్రం కాదంటారు?

“పక్క మడికి పురుగు పడితే నా మడి ఒక్కటే నిలుస్తుందా నాయనా?” అంది అవ్వ. “వీళ్లలో కొందరు పదేళ్ల వాళ్లు కారు. మూడేళ్ల వాళ్లూ ఉన్నారు. ఆ మూడేళ్లలో నాకు నీళ్లు మోసింది వాళ్లే. మేం ముప్పై నాలుగు కాదు, ఒకటే మడి. ఇస్తే అందరికీ ఇవ్వు. లేకపోతే నీ స్థలంలో నువ్వే పాలకూర వేసుకో.”

మాస్టారు బల్ల దగ్గరికి నడిచారు. “ఆ గోడ రాసింది నేను. అందులో తేదీలు తప్పు. ఈ మనుషులు నేల మీదికి వచ్చిన తేదీలు కావవి, మా సంస్థ వాళ్లను చూసిన తేదీలు. మేం చూడకముందు వాళ్లు లేరనుకున్నాం. ఆ తప్పు నాది, దాన్ని రూలుగా మార్చడానికి నేను సంతకం పెట్టను.”

“మీ సంస్థ ఏమవుతుందో తెలుసా?”

“తెలుసు. సంస్థ పోతే బోర్డు పోతుంది. మట్టి పోదు.”

“మట్టి సంతకం పెట్టదు మాస్టారూ!” అధికారి ఫైలు మూశాడు.

“పెట్టింది గదా బాబూ, నీకే చదవడం రాలేదు!” తుపాను అరిచింది. ఆ మాట మిల్లు గోడలకు తగిలి రెండుసార్లు వినిపించింది.

శనివారం తెల్లారేసరికి మట్టి తవ్వే యంత్రం వచ్చింది, దాని వెనక రెండు పోలీసు వ్యాన్లు. అప్పటికే ప్రతి మడి అంచునా ఒక గుంట ఉంది. ప్రతి గుంటలోనూ నడుము లోతున మనుషులున్నారు. పదేళ్ల మడి, మూడేళ్ల మడి అన్న తేడా లేదు. ఏ గుంటలో ఎవరున్నారో ఏ గోడ మీదా రాసి లేదు.

“మాస్టారూ, పెద్దవారు, మీరు పక్కకు రండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నేను పదమూడో మడిలో ఉన్నానండీ. ఇందులో వంకాయలు కాపుకొచ్చాయి, జాగ్రత్తగా కాలు పెట్టండి,” అన్నారు మాస్టారు.

యంత్రం మొదటి మూడు మడులను తొక్కింది. నాలుగో గుంట దగ్గర ఆగిపోయింది. గుంటలోంచి తుపాను లేవలేదు. నడిపేవాడు కిందికి చూశాడు, ఇంజను ఆపాడు, తాళం జేబులో వేసుకుని దిగిపోయాడు. “నాకు కళ్లు కనబడటం లేదు సార్, పొద్దున్నుంచీ,” అన్నాడు. సూపర్‌వైజరు ఎన్ని తిట్లు తిట్టినా అతని చూపు బాగుపడలేదు. చివరికి పోలీసులు ఒక్కొక్కరినీ గుంటలోంచి పైకి లాగి వ్యాన్లెక్కించారు. వ్యాన్లు నిండాయి. అయినా గుంటలు ఖాళీ కాలేదు; లాగిన చోటికి పిల్లల తల్లులు దిగారు.

స్టేషనులో పొడుగాటి గది. నలభై ఒక్కమంది. పొద్దుగూకే వేళ కార్యదర్శి వచ్చాడు, చేతిలో కాగితంతో.

“ఈ మధ్యాహ్నం బడికి పొట్లాలు వచ్చాయి,” అన్నాడు నిలబడే. “ఒక్క పిల్లా సీలు విప్పలేదు. వచ్చిన బండ్లలోనే తిరిగి వెళ్లాయి. తల్లులు ఇంకా మడుల్లోనే ఉన్నారు.” కాగితం మాస్టారి చేతికి ఇచ్చాడు. “ఇది... క్షమాపణ పత్రం. తేదీలు నిజమేనని మీరు సంతకం పెడితే అందర్నీ ఇప్పుడే వదిలేస్తామన్నారు. అవ్వకు ఆయాసంగా ఉంది, చూడండి మాస్టారూ.”

మాస్టారు అవ్వ వైపు చూశారు. ఆమె గోడకు చేరగిలబడి, రొప్పుతూ, మట్టి ఎండిన కాళ్లు చాపుకుని ఉంది. ఆయన చేతిలో కాగితం బరువెక్కింది. తన మొండితనానికి ఈమె ఊపిరి పణమా?

“నా వైపు చూడకు,” అంది అవ్వ. “నా ఆయాసం నాకు పాతికేళ్లుగా తెలుసు. నువ్వు రాసినవన్నీ ఇన్నాళ్లూ మేం నమ్మాం. ఈసారి మేం చెప్పింది నువ్వు రాయి.”

మాస్టారు కాగితం తిరగేశారు. కలం కోసం జేబు తడుముకుంటే కార్యదర్శి తన కలం తీసి ఇచ్చాడు. ఇచ్చి, వెళ్లలేదు, చెప్పులు విడిచి వాళ్ల మధ్యే చతికిలబడ్డాడు.

“మిల్లు మూసిన చలికాలం,” అంది అవ్వ. “నేనూ, మా ఆయనా.”

“వరద తగ్గిన వారానికి. చంటిపిల్ల వీపున ఉంది.”

“మా చెల్లి పెళ్లైన ఏడు నేను దిగాను. మొదటి పంట మొత్తం నత్తలు తిన్నాయి, అది కూడా రాయండి.”

“నేను మూడేళ్లే మాస్టారూ. మూడని రాయండి. అబద్ధం వద్దు.”

“నేను ఈ పొద్దుటి నుంచే,” అంది పక్కన ఎవరో తల్లి. “నాకు మడి లేదు. మా పిల్లకు ఆకలుంది. నా పేరూ రాయండి.”

కాగితం నిండింది. కార్యదర్శి తన రశీదు పుస్తకం చించి ఇంకో నాలుగు కాగితాలు ఇచ్చాడు. తుపాను ఒక్కొక్కరినీ తోస్తోంది: “నువ్వు చెప్పు! నోరుందిగా, ఉప్పు చూడ్డానికేనా?”

డ్యూటీలో ఉన్న పోలీసమ్మ గుమ్మంలో నిలబడి ఈ మాటలన్నీ వింది. స్టేషను రూలు ప్రకారం ఎనిమిదిన్నరకు ఇక ఆపండని చెప్పాలి. చెప్పలేదు. మంచినీళ్ల బిందె లోపలికి జరిపింది. అవ్వ తల కిందికి ఒక దుప్పటి మడిచి పెట్టింది. తరువాత ఇరవై మూడో మనిషి తన మాట చెబుతూ ఉండగా, ఆ గొంతుకు అడ్డం రాకుండా తలుపును మెల్లగా దగ్గరికి వేసింది.