ఆయన మెచ్చిన గొంతు

ఆమె ఇస్త్రీపెట్టెను భర్త చొక్కా కాలర్ మీద ఆనించిందో లేదో, పక్కగదిలో ఆ ఆడగొంతు మొదలైంది. భర్త ఎన్నికల్లో నిలబడ్డప్పటి నుంచి ఇంట్లో దానిదే రాజ్యం. కృత్రిమ మేధ అట. ఓటర్లకు ఫోన్లు చేసి, పేరుపెట్టి పలకరిస్తుంది.

"వినవే, ఎంత తియ్యగా మాట్లాడుతుందో! నువ్వూ ఉన్నావు, నోరు తెరిస్తే బేరమే," అన్నాడు భర్త.

"మగాడికి అలాంటి గొంతే కావాలిరా," అంటూ అత్తగారు వంత పాడింది.

ఆమె కాలర్‌ను కసిగా అదిమింది. దారాలు, గుండీల కొట్టు నడిపి ఈ సంసారాన్ని లాక్కొచ్చింది తను. పెట్టుబడంతా తనది, మెప్పంతా దానిది. యంత్రమని తెలిసినా కడుపుమంట చల్లారలేదు. తనతో ఏనాడూ "కాస్త చెప్పవూ" అనని మనిషి దాన్ని బతిమాలుతున్నాడు. ఒకరోజు అద్దం ముందు నిలబడి దానిలా మాట్లాడి చూసుకుంది కూడా. కుదరలేదు.

పోలింగ్ ముందురోజు కాలువ అవతలి నర్సు కొట్టుకొచ్చింది. అక్కడ ఉండేవాళ్ళంతా తాతలనాడు ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డ నల్లజాతివాళ్ళే. ఆ వీధి ఓట్లు భర్తకు పడవని ఊరంతటికీ తెలుసు.

"మంచిపని చేశావక్కా. రేపటికి పెట్టిన సెలవు రద్దు చేసుకున్నా."

"నేనేం చేశాను?"

"పోలింగ్ ఎల్లుండికి మారిందని చెప్పావుగా! మా వీధంతా నీ మెసేజే. పార్టీవాళ్ళు చెబితే నమ్ముతామా? నువ్వు కాబట్టి నమ్మాం."

నర్సు ఫోన్‌లో వినిపించింది. అదే తియ్యటి గొంతు. కానీ ఆ "అమ్మా" అని సాగదీయడం, సరుకు వచ్చిందని ఖాతాదారులకు తను ఫోన్‌లో రికార్డు చేసి పంపే కబుర్లలోది. ఎవరి గొంతు వాళ్ళకే కొత్తగా వినిపిస్తుంది కాబోలు. ఇన్నాళ్ళూ తన మీద తనే ఏడ్చింది.

భర్తకు ఫోన్ చేసింది. "ఎవరినడిగి తీసుకున్నావు నా గొంతు?"

"ఇంట్లోదాన్ని అడిగేదేంటే? అయినా ఆ నల్లోళ్ళకేగా పంపింది, మనవాళ్ళకి కాదుగా!"

బేరంలో ఎన్నడూ మోసం చేయక తను సంపాదించుకున్న నమ్మకాన్ని అతను అమ్ముకుతిన్నాడు. పట్టపగలే షట్టర్ దించి నర్సుతో కాలువ దాటింది.

ఆమె కేకలకు మొదటి ఇంటి ముసలావిడ తలుపు తీసి విసుక్కుంది. "ఫోన్‌లో అంత తియ్యగా మాట్లాడి, ఇప్పుడేంటమ్మా ఈ అరుపులు?"

"అది మా ఆయన మెచ్చిన గొంతు, అవ్వా. ఇది నాది. పోలింగ్ రేపే."