గడ్డి కప్పిన పడవ

అబ్బులు సరుకు కొనేటప్పుడు ముందు చూసేది సరుకుని కాదు, అమ్మేవాడి తొందరని. తొందర ఉన్నవాడు దిగొస్తాడు, లేనివాడు బిగుసుకుంటాడు. రామచంద్రపురం చుట్టుపక్కల కొబ్బరికాయలూ బెల్లమూ కొని, కాలవ మీద రాజమండ్రి రైలుకి చేర్చే వ్యాపారంలో ఈ ఒక్క లెక్క ఆయన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. తన పడవ పోయినప్పుడు మాత్రం తొందరంతా తన వైపే ఉందనీ, ఎదుటివాళ్ళకి అది రవ్వంతైనా లేదనీ తెలుసుకోవడానికి ఆయనకి ఒక వేసవి పట్టింది.

ఆ కాలవలో తిరిగే పడవలు దాదాపు అన్నీ పెద్దిరాజు గారివే. ఆయన చెప్పిందే బాడుగ. ఏళ్ళ తరబడి ఆ బాడుగ కట్టీ కట్టీ విసిగి, చివరికి భార్య అచ్చాయమ్మ మెళ్ళో కాసులపేరు కూడా కలిపి అబ్బులు సొంత పడవ కట్టించుకున్నాడు. తన సరుకు పోగా మిగిలిన చోట్లో చిన్న వర్తకుల బస్తాలు వేసుకునేవాడు. వాళ్ళ దగ్గర తక్కువ బాడుగ తీసుకునేవాడు. ఆయన లెక్కలో అది లాభం. తన లాభం ఎవరి నష్టం కింద పడుతోందో మాత్రం ఆయన చూసుకోలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం, పడవ నడిపే ఏసుపాదం లాకు దిగువ రేవులో ఖాళీ పడవ కట్టేసి, ప్రార్థన కోసం తన పల్లెలో లూథరన్ గుడికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పడవ లేదు. గట్టు మీద గుంజకి మోకు ముక్క వేలాడుతోంది. దానంతటది తెగిన మోకైతే పోగులు పీచుపీచుగా ఉంటాయి. ఇది కత్తి పెట్టి కోసినట్టు నున్నగా ఉంది.

అబ్బులు ఆ మోకు ముక్క పట్టుకుని ఠాణాకి వెళ్ళాడు. స్టేషను హెడ్డు జగన్నాథరావు మోకు వైపు చూడలేదు. పక్కన నిలబడ్డ ఏసుపాదం వైపు చూశాడు. ఎవరికి అమ్ముకున్నావని అడిగి, జవాబు వచ్చేలోగానే రెండు దెబ్బలు వేయించి లోపల కూర్చోబెట్టాడు. వాణ్ణి బయటికి తెచ్చుకునేసరికి అబ్బులుకి తల ప్రాణం తోకకొచ్చింది. కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం పడలేదు. ఊళ్ళు తిరిగి విచారించాలంటే ఖర్చులుంటాయని, ఠాణా గుమ్మం దిగుతుంటే ఒక కనిస్టీబు చెవిలో వేశాడు.

అబ్బులుకి ఆ మాట అర్థం కాకపోలేదు. ఇల్లు చేరేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇది లంచాల వేలంపాట. తను మొదలుపెడితే, తన పడవ పోతే బాగుపడే పెద్దిరాజు గారు అవతల పాడతారు. తన పాట ఎక్కడ ఆగిపోతుందో అబ్బులుకి తెలుసు, పెద్దిరాజు గారి పాట ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఓడిపోయే పాటలో దిగడం కంటే అసలు పాటే లేని చోటికి పోవడం మేలనుకున్నాడు. మేజిస్ట్రేటు గారి హుకుంకి పోటీపాట ఉండదని అబ్బులు లెక్క. ప్లీడరుని పట్టుకుని కోర్టులో అర్జీ పెట్టాడు.

మేజిస్ట్రేటు గారు మంచివారే. అర్జీ చదివి, పోలీసులు వెంటనే విచారించి రిపోర్టు పంపాలని హుకుం రాశారు. ఆ హుకుం ఠాణాకి వచ్చిన రోజున హెడ్డు దాన్ని కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టాడు. రిపోర్టు వెళ్ళలేదు. అబ్బులు మళ్ళీ ప్లీడరు దగ్గరికి పోయాడు. రెండో హుకుం వచ్చింది. అదీ మొదటిదాని పక్కకే చేరింది.

అబ్బులు ఠాణా అరుగు మీద నిలబడి, విచారణ ఎందాకా వచ్చిందండీ అని అడిగాడు.

“జరుగుతూనే ఉంది కదటోయ్,” అన్నాడు హెడ్డు. “పడవ ఎక్కడుందో చెప్పు, వచ్చి చూస్తాను.”

“అది కనుక్కోమనే కదండీ అర్జీ పెట్టుకున్నాను.”

“సొంతదారుడివి, నువ్వే కనుక్కోలేనిది నేనెలా కనుక్కుంటాను? పడవ నీదా, నాదా?”

అరుగు కింద కనిస్టీబులు నవ్వారు. అబ్బులు కూడా కొంచెం నవ్వాల్సి వచ్చింది.

వేసవి వచ్చింది. పూడిక తీయడానికీ, లాకుల మరమ్మతులకీ ఏటా ఆ రోజుల్లో కాలవ కట్టేస్తారు. నీళ్ళు తీసేస్తే మడుగులు మాత్రం మిగులుతాయి. లాకు దగ్గర పనిచేసే లస్కరు ముసలయ్య ఒక పొద్దున్న పరుగులాంటి నడకతో అబ్బులు ఇంటికి వచ్చాడు. రేవుకి కొంత దిగువన, కాలవ వంపు తిరిగే చోట, బురదలోంచి ఒక పడవ అంచు బయటపడిందని చెప్పాడు.

అబ్బులూ ఏసుపాదమూ వెళ్ళి చూశారు. పక్కన చెక్కిన నంబరు వాళ్ళదే. అడుగున గొడ్డలితో కొట్టిన చిల్లు. పడవ నిండా నల్లరాళ్ళు. అబ్బులు వంగి ఒక రాయిని తడిమి చూశాడు. ఆ ఒండ్రు నేలల్లో ఎంత తవ్వినా మట్టి తప్ప గులకరాయి దొరకదు. రాయి కావాలంటే ఎగువ నుంచి పడవ మీద రావాలి. ఆ చుట్టుపక్కల ఆ ఏడాది రాయి దింపించుకున్నది పెద్దిరాజు గారు ఒక్కరే, తన రేవు మెట్లకి. మెట్ల మీదా ఈ రాళ్ళ మీదా ఉలి దెబ్బలు ఒక్కలాగే ఉన్నాయి.

“ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదండి,” అన్నాడు ఏసుపాదం. “రాళ్ళే చెప్తాయి. హెడ్డుగారు వచ్చి చూడ్డమే తరువాయి.”

ఈ సంగతులతో మళ్ళీ అర్జీ పెడితే, మూడో హుకుం అంతకు ముందు రెండింటి కంటే గట్టిగా వచ్చింది. కాలవకి మళ్ళీ నీళ్ళు వదిలేలోగా పోలీసులు వెళ్ళి పంచనామా రాయాలి. అంతవరకు పడవ ఉన్నచోట ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ప్లీడరు దాన్ని చదివి వినిపిస్తే అబ్బులుకి కడుపు నిండినట్టయింది. పడవ బయటపడింది, హుకుం చేతికొచ్చింది, కాలవ వదలడానికి ఇంకా వ్యవధి ఉంది. ఇన్ని కలిసొచ్చాక బేరం చెడదనుకున్నాడు.

హెడ్డు రాలేదు. కలెక్టరు దొరగారి మకాం అన్నాడు. తరవాత ద్రాక్షారామంలో బందోబస్తు అన్నాడు. ఆ తరవాత పక్క ఊళ్ళో కలరా వాంతులు తగిలాయి కాబట్టి అటు పోవాలన్నాడు. ఏదీ అబద్ధం కాదు. మకామూ నిజమే, బందోబస్తూ నిజమే, వాంతులతో మనుషులు చనిపోవడమూ నిజమే. ఆ నిజాలన్నీ అబ్బులు పడవ దారికే అడ్డం రావడం ఒక్కటే ఆయన ఎవరికీ విప్పి చెప్పలేకపోయాడు.

రోహిణీకార్తె ఎండలు మొదలయ్యాయి. నీళ్ళలో బతికే పడవ ఎండలో పడితే పలకలు ఎండి విచ్చుకుంటాయి. ఒకసారి విచ్చితే ఎంత పీచు కూరినా, ఎంత గుగ్గిలం పూసినా మళ్ళీ అతుక్కోవు. అందుకే కాలవ కట్టేసిన రోజుల్లో పడవలవాళ్ళు పడవని మడుగులో ముంచి ఉంచుతారు, లేదంటే తడిగడ్డి కప్పి పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చల్లుతారు. చంటిపిల్లకి నూనె రాయడం లాంటిదే వాళ్ళకి ఆ పని. ఎందుకు చేస్తున్నారని ఎవరూ అడగరు.

అబ్బులు రోజూ గట్టు మీద నిలబడి చూసేవాడు. పలకల మధ్య సందులు వెంట్రుకంత ఉన్నవి గడ్డిపరకంత అయ్యాయి.

“ఏవండీ, అది పగిలిపోతే రేపు చేతికొచ్చి ఏం లాభం? పొయ్యిలోకి తప్ప పనికొస్తుందా?” అంది అచ్చాయమ్మ. కాసులపేరు సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తకపోవడమే అబ్బులుకి ఎక్కువగా తగిలింది.

మర్నాడు ఆయన, ఏసుపాదమూ రెండు మోపుల గడ్డి తీసుకెళ్ళారు. గట్టు దిగబోతూ ఏసుపాదం ఆగాడు.

“ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నారు కదండీ కోర్టువారు.”

“ఉన్నది ఉన్నట్టు ఉంచడానికే కదరా గడ్డి. ఇలా వదిలేస్తే పదిరోజుల్లో ఉన్నట్టుంటుందా అది?”

ఏసుపాదానికి అది సబబుగానే తోచింది. పడవ పుట్టినప్పటి నుంచీ దాన్ని ఎరిగినవాడికి మరోలా తోచదు. రాయి ఒక్కటి కదపలేదు. చిల్లు ముట్టుకోలేదు. పైన గడ్డి పరిచి మడుగు నీళ్ళు చల్లారు. ఆనాటి నుంచి ఇద్దరిలో ఒకరు రోజూ వెళ్ళి తడిపి వచ్చేవారు. గట్టు మీద నడిచిపోయే పడవలవాళ్ళు చూసి మంచిపని చేశారన్నారు.

మర్నాడు కాలవ వదులుతారనగా హెడ్డు వచ్చాడు. వెంట ఇద్దరు కనిస్టీబులు, పంచనామాకి సాక్షులుగా వేలిముద్రలు వెయ్యడానికి పెద్దిరాజు గారి కౌలురైతులు ఇద్దరు. అబ్బులు చెప్పులు విడిచి ఎదురెళ్ళాడు. హెడ్డు గట్టు మీద నుంచే, దిగకుండా చూశాడు.

“ఆ గడ్డి ఎవరు కప్పారు?”

“నేనేనండి,” అన్నాడు అబ్బులు. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. “మీరొచ్చేసరికి పాడవకూడదని రోజూ తడుపుతున్నామండి. ఒక్క పలక కూడా పోలేదు, చూడండి.”

“రోజూ వస్తున్నావన్నమాట.”

“ఆయ్. నేనైనా, ఏసుపాదమైనా.”

హెడ్డు రాసేవాడి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఫిర్యాదీ పడవని గడ్డి కప్పి పైకి కనపడకుండా ఉంచినాడు. పడవ తన స్వాధీనంలోనే ఉన్నట్టు, ప్రతిదినం తన మనుషులతో కాపాడుకుంటున్నట్టు స్వయంగా ఒప్పుకున్నాడు. అబ్బులు బుర్రలో లెక్క ఎక్కడో తప్పింది, ఎక్కడ తప్పిందో అందలేదు.

“కనపడకుండా ఉంచడం ఏంటండీ? ఎండకి కప్పానండి. ఏ పడవవాణ్ణయినా అడగండి. ఆ రాళ్ళు చూడండి బాబుగారండీ. ఆ ఉలి దెబ్బలు చూడండి. అవి ఎవరి రేవు రాళ్ళో రాయించండి.”

“రాళ్ళున్నాయని రాయిస్తాను. నువ్వు వెయ్యలేదని ఎలా రాయించను? గడ్డి వేసినవాడివి రాళ్ళు వెయ్యలేవా?”

కౌలురైతులు తలలు వంచుకుని వేలిముద్రలు వేశారు. వాళ్ళలో ఒకడు అబ్బులు దగ్గర చాలా ఏళ్ళుగా బెల్లం అమ్మినవాడు. వెళ్ళిపోతూ హెడ్డు, పడవ కేసులో సొత్తు కాబట్టి కోర్టు చెప్పేదాకా ఎవరూ తియ్యకూడదని చెప్పాడు. మర్నాడు కాలవ వదిలారు. ఎర్రనీళ్ళు ముందు గడ్డిని తేల్చుకుపోయాయి. సాయంత్రానికి అక్కడ పడవ ఉన్న జాడ లేదు.

ఫిర్యాదు అబద్ధమని రిపోర్టు వెళ్ళింది. అబద్ధపు ఫిర్యాదు చేసినందుకు నీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పుకోమని అబ్బులుకి సమను వచ్చింది. కోర్టుకి నడుస్తుంటే ఏసుపాదం పక్కకి వచ్చి నడిచాడు.

“గడ్డి నేను కప్పానని చెప్తానండి. మీకు తెలీకుండా చేశానని చెప్తాను. నన్నెలాగూ ఒకసారి కొట్టారు.”

అంత నష్టంలో ఉన్నవాడికి ఆ మాట లాభంగా కనపడకపోదు. కాలవ గట్టు వెంట చాలా దూరం నడిచాక లెక్క తేలింది. గడ్డి వీడి మీద పడితే రాళ్ళూ వీడి మీదే పడతాయి, రాళ్ళతోపాటు దొంగతనమూ పడుతుంది. హెడ్డు మొదటి రోజున వెతికింది కూడా ఆ దొంగనే.

“నోరు మూసుకుని నడవరా,” అన్నాడు.

మేజిస్ట్రేటు గారు రిపోర్టు చదివారు. కాలవ వదిలేలోగా పంచనామా జరిగిందని చూసి, తమ హుకుం అమలైనందుకు తృప్తిపడ్డారు. అంతకు ముందు రెండు హుకుంలు ఏమయ్యాయని అడగలేదు. గడ్డి కప్పింది నువ్వేనా అని అడిగారు. నేనేనండీ అన్నాడు అబ్బులు. కోర్టు ఉన్నది ఉన్నట్టే ఉంచమంటే నీకు కప్పమని ఎవరు చెప్పారన్నారు. కప్పకపోతే పలకలు విచ్చుకుంటాయండీ అన్నాడు అబ్బులు.

“పలకల సంగతి కోర్టు నిన్నడిగిందా?”

కొందరు నవ్వారు. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. చదువులేనివాడు, తెలియక చేసి ఉంటాడని దయతలచి చర్య మాని, ఫిర్యాదు కొట్టేశారు. పడవ అర్జీదారుదేనని నంబరును బట్టి తేలింది కాబట్టి పోలీసులు దాన్ని అతనికి ఒప్పగించాలని ఒక హుకుం కూడా రాశారు. ఆ హుకుం ఠాణాకే వెళ్ళింది. నీళ్ళలో ఉన్న సొత్తుని ఎలా ఒప్పగించమంటావు, కాలవ కట్టాక రమ్మన్నాడు హెడ్డు. ఈసారి ఆయన మాటలో వెటకారం కూడా లేదు. ఆ అవసరం తీరిపోయింది.

కొబ్బరికాయలు ఆగవు. శ్రావణమాసంలో అబ్బులు తన సరుకుని పెద్దిరాజు గారి పడవలో వేయించాడు. పాత బాడుగ మీద కొంత పెంచారు. ఎందుకని ఆయన అడగలేదు. ఏసుపాదం ఆ పడవకే తాడు లాగే కూలీల్లో కుదిరాడు. సరుకు వెంట అబ్బులు కూడా పడవలో కూర్చున్నాడు.

వంపు దగ్గరికి రాగానే గెడ వేస్తున్నవాడు గెడ పైకెత్తి, గట్టు మీద కూలీలకి కేకవేశాడు.

“లోపలికి లాగొద్దు, ఒడ్డుకి పట్టండి. అడుగున అబ్బులు గారి పడవుంది, తగిలితే మనదానికి చిల్లు పడుద్ది.”

తాడు భుజాన వేసుకున్న ఏసుపాదం తలెత్తకుండా పడవని ఒడ్డువైపు లాగాడు. అబ్బులు కాయల రాశి మీద గోనెపట్టా సర్దుకుంటూ, నీళ్ళ వైపు చూడకుండా కూర్చున్నాడు.