షాబీ కోటు

నాటక సంస్థ వాళ్ళ దుస్తుల గదిలో పనికి చేరేనాటికి పిన్నికి యాభై దాటాయి. పెద్దా చిన్నా అందరికీ ఆవిడ పిన్నే. అంతకుముందు ఒకే టైలరింగ్ షాపులో, కళ్ళజోడు రాని వయసు నుంచీ వచ్చే వయసు దాకా కుట్టింది. ఒక సాయంత్రం ఓనరు తలైనా ఎత్తకుండా, "రేపటి నుంచి రానక్కర్లేదమ్మా, కుర్రవాళ్ళని పెట్టుకున్నాం" అన్నాడు. తన చేతులే మందగించాయేమోనని సరిపెట్టుకుని, కత్తెర సంచిలో వేసుకుని వచ్చేసింది.

కొత్త చోట మొదటి పెద్ద పని ఒక కోటు. నాటకంలో ఉద్యోగం పోయిన గుమాస్తా వేసుకునేది. బొమ్మ గీసి ఇచ్చిన కాగితం మీద, పక్కనే ఒక్క ఇంగ్లీషు మాట ఉంది. పిన్ని కూడబలుక్కుని చదివింది: షాబీ. దుస్తుల విభాగం చూసే మాస్టారుని అడగడానికి మొహమాటపడి కూతురికి ఫోన్ చేసింది.

"షాబీ అంటే ఏంటే?"

"చింకిగా, మాసిపోయి ఉంటుందే, అదమ్మా. బస్సొచ్చింది, పెట్టేస్తున్నా."

ఇంకేం, పిన్ని రెచ్చిపోయింది. కొత్త కోటుని గరుకు కాగితంతో రుద్దింది. జేబు సగం పీకింది. మోచేతుల దగ్గర బ్లేడుతో చీల్చింది. టీ నీళ్ళలో ముంచి, మట్టిలో దొర్లించింది. మర్నాడు దాన్ని హ్యాంగరుకి తగిలించి, "ఎలా ఉంది మాస్టారూ?" అంది గర్వంగా.

మాస్టారు చిరిగిన మోచేతిలోంచి వేలు దూర్చి చూశారు. "పిన్నీ, మనం ఆ గుమాస్తాని ఇంటర్వ్యూకి పంపుతున్నాం. వాడేం కుక్కలు తరిమితే పారిపోయి రాలేదు."

ఇస్త్రీ చేస్తున్న అమ్మాయి ఫక్కున నవ్వింది. పిన్ని మొహం పాలిపోయింది. ఆ రంగు గుడ్డ మళ్ళీ దొరకదు, నాటకమేమో ముంచుకొస్తోంది. ఇక్కడా సంచి సర్దుకోవలసిందే అనుకుంది.

మాస్టారు స్టూలు లాగి, "కూర్చోండి" అన్నారు. "చిరిగి వేలాడితే ర్యాగ్డ్ అంటారు. మట్టికొట్టుకుపోతే డర్టీ. షాబీ అంటే ఒకప్పుడు బాగా బతికిన బట్ట. వాడగా వాడగా వన్నె తగ్గింది. అయినా దాన్ని మనిషి దులుపుకుని, ఇస్త్రీ చేసుకుని వేసుకుంటాడు. ఇళ్ళకీ, హోటళ్ళకీ కూడా వాడతారు ఆ మాట."

"మనుషులకో?"

"మనిషి చేసిన పనికి వాడితే అర్థం మారుతుంది. నమ్ముకున్నవాళ్ళతో మర్యాద తప్పి, అల్పంగా ప్రవర్తిస్తే షాబీగా చూశాడంటారు."

పిన్ని మెల్లగా, పాత ఓనరు తనని పంపించేసిన తీరు చెప్పింది. "అదీ షాబీయేనా?"

"ముమ్మాటికీ."

ఇన్నాళ్ళూ తప్పు తన చేతులదే అనుకుంది. ఆ సాయంత్రం జరిగినదానికి ఒక పేరుందనీ, ఆ పేరు తగిలేది ఓనరుకి గానీ తనకి కాదనీ తెలిసేసరికి గుండెల మీంచి రోలు దింపినట్టయింది.

"మరి నన్ను ఉంచుతారా?"

"ఉంచకపోతే ఈ కోటు ఎవరు బాగుచేస్తారు?"

"రఫ్ఫు చేస్తానండీ," అంది పిన్ని. పోగులో పోగు కలిపి చిరుగు మూసే కుట్టు అది.

మాస్టారు నవ్వారు. "ఇంగ్లీషువాడి రఫ్ గరుకు. మన రఫ్ఫేమో గరుకుని నున్నన చేస్తుంది. చూశారా తమాషా!"

పిన్ని కోటు ఉతికి ఆరేసింది. ఈసారి గుమాస్తా గురించి కాదు, ఆయన భార్య గురించి ఆలోచించింది. మొగుడి మోచెయ్యి నలుగురిలో బయటపడనిస్తుందా ఆవిడ? లోపలి మడతలోంచి దారాలు లాగి, ఆ ఇల్లాలు కుట్టినట్టే ఓపిగ్గా కుట్టింది. పీకిన జేబు మళ్ళీ కుట్టి, కాలరు అరిగిన వైపు లోపలికి వచ్చేలా తిరగేసి వేసింది.

నాటకం రోజు తెర పక్కన నిలబడి చూసింది. ఇంటర్వ్యూ సీనులో ఆఫీసరు చూపు చేతి మీద పడగానే, నటుడు అరచేతిని మోచేతి మీద కప్పుకున్నాడు. అది ఎవరూ నేర్పింది కాదు.

నాటకం అయ్యాక ఆ నటుడు కోటుతో సహా దుస్తుల గదికి వచ్చాడు. "పిన్నిగారూ, ఆ కుట్టు వేలికి తగలగానే ఇంటి దగ్గర నాకోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టు అనిపించిందండీ. చెయ్యి దానంతటదే వెళ్ళింది."

పిన్ని మాస్టారు వైపు చూపించింది. "నాకు అర్థం చెప్పింది ఆయన."

"నేను చెప్పింది అర్థమే, కుట్టింది మీరు," అన్నారు మాస్టారు.

ఆయనకి ఏదో చెప్పాలనుకుంది పిన్ని. ఇంతలో ఆయన చొక్కా చేతి బొత్తాం వేలాడుతూ కనబడింది.

"చెయ్యి ఇలా ఇవ్వండి," అంటూ సూదిలో దారం ఎక్కించింది.