ఎర్సీలియా కుట్టిన సీట్లు

గవియోలి చేతిలో సుత్తి పడితే అల్యూమినియం రేకు చెప్పిన మాట వింటుంది. మోదెనా ఊళ్లో అంతటి పనివాడు లేడు. కానీ కారు బరువు మాటెత్తితే మాత్రం మనిషికి పూనకమే. ఆ పూనకంలోనే శుక్రవారం సాయంత్రం, ఎర్సీలియా మూడు వారాలు కూర్చుని కుట్టిన రెండు తోలు సీట్లనూ పందెపు కారులోంచి పీకి నేలమీద పడేశాడు.

"నలభై కిలోలు! ఇవి మోసుకుని ఆదివారం కొండెక్కితే మనకు దక్కేది దుమ్మే!" అన్నాడు. వాటి స్థానంలో రెండు రేకు ముక్కలు, పైన పలచటి దిండ్లు బిగించాడు.

ఎర్సీలియా పడివుండే మనిషైతే కదా! ఇరవై రెండేళ్లుగా గవియోలి షెడ్డులో గుర్రపు వెంట్రుకలు కూరి, తోలు బిగించి, ఎవరెవరి నడుములకో సుఖం కుట్టింది. తను మాత్రం ఒక్కసారైనా వాటిలో కూర్చుని ఊరు దాటి ఎరగదు. ఈ బండిలోనైనా ఎవరైనా "రా, ఎక్కు" అంటారని లోపల ఆశ పెట్టుకుంది. పైకి చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది.

"నీ బండికి బరువైతే నా ఇంటికి బరువు కావులే" అంటూ సీట్లు రెండూ తోపుడు బండిలో వేసుకుని చక్కా పోయింది.

శనివారం సాయంత్రం ఊరి చౌకులో పందెపు కార్ల తనిఖీ. ఈ ఏడాది గ్రాన్ తురిజ్మో అని కొత్త తరగతి పెట్టారు. రోజూ వాడుకునే కారే పందేనికీ రావాలి. పైకప్పు ఉండాలి, తలుపులు మూసుకోవాలి, ఇద్దరు హాయిగా దూరాలు వెళ్లగలగాలి. తనిఖీ చేసే సవోని, రైల్వేలో పనిచేసి రిటైరైన ముసలాయన, కారులోకి దూరి కూర్చుని, అంతకంటే వేగంగా బయటపడ్డాడు.

"దీన్లో కూర్చుని ప్రయాణమా? నా నడుం ఇక్కడే విరిగింది. సీట్లు పెట్టి పొద్దున్నే తీసుకురండి, లేదా ఇంట్లో కూర్చోండి."

కారు కొన్నది కొర్రాదో, పశువుల డాక్టరు. పందెంలో నడపబోయేదీ అతనే. గవియోలిని వెంటబెట్టుకుని నేరుగా ఎర్సీలియా ఇంటికెళ్లాడు. ఆవిడ వంటింట్లో బల్ల ముందు, కారు సీటులో దర్జాగా కూర్చుని, కూరు పెట్టి తోర్తెల్లీనీ పిండిచుట్టలు చుడుతోంది. రెండో సీటులో పిల్లి.

"ఎర్సీలియా, బుద్ధి గడ్డితిని చేశాను" అన్నాడు గవియోలి, టోపీ తీసి.

"గడ్డి కాదు, రేకు తిన్నావు."

"ఏం కావాలో చెప్పమ్మా, చేస్తాను" అన్నాడు డాక్టరు.

ఆవిడ చేతుల పిండి దులుపుకుంది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననుకుంది.

"రెండో సీట్లో రేపు నేను కూర్చుంటాను."

"అయ్యయ్యో, ఇంకో అరవై కిలోలు!" గవియోలి గోడకు ఆనుకున్నాడు.

"డెబ్బై రెండు. అబద్ధమెందుకు?"

డాక్టరు పకపకా నవ్వేశాడు. "పిల్లిని తప్ప అందరినీ తీసుకెళ్దాం!"

ఆదివారం పది గంటలకు జెండా ఊగింది. మొదటి మలుపులో ఎర్సీలియా కళ్లు గట్టిగా మూసుకుంది. రెండో మలుపులో "ఓరి నాయనో" అంది. మూడోదానికి ఒకటే నవ్వు. ముందు కారాయన, సీట్లు పీకేసి తనిఖీకి మాత్రం పాత కుర్చీలు తగిలించినవాడు, మలుపు మలుపుకీ అటూ ఇటూ జారుతూ స్టీరింగు పట్టుకుని వేలాడుతున్నాడు. కొర్రాదోని మాత్రం సీటుకు ఆవిడ కుట్టిన దట్టమైన అంచులు నడుం దగ్గర గట్టిగా పట్టి కూర్చోబెట్టాయి. పది మలుపుల్లో ఇద్దరిని దాటేశారు. కనుమ మీద ముగింపు గీత దాటేసరికి మూడో స్థానం!

మోటారు సైకిలు మీద అడ్డదారిన ముందే వచ్చిన గవియోలి ఏడుస్తూ, నవ్వుతూ తలుపు తీశాడు. "దిగు తల్లీ! ఐదింటికి కప్పు ఇస్తారు."

"దిగను."

"దిగవా?"

"ఇన్నేళ్లూ కూర్చోబెట్టడమే గానీ కూర్చోలేదు నేను. డాక్టరు గారూ, ఈ రోడ్డు అవతలికి దిగితే ఏముంది?"

"సముద్రం. గంటన్నర ప్రయాణం."

"మరి ఆగారేం?"

గవియోలి నెత్తి పట్టుకున్నాడు. అక్కడే నిలబడ్డ సవోని అతని భుజం తట్టాడు. "వెళ్లనివ్వవయ్యా. ఇలా వెళ్లడానికేగా ఇలాంటి బండ్లు."

కారు అవతలి లోయలోకి దిగింది. ఎర్సీలియా కిటికీ దించింది. చెట్ల వాసన మొహాన కొట్టింది. సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకుంది. పందెం అయిపోయింది కదా అని డాక్టరు నెమ్మదిగా, జాగ్రత్తగా నడుపుతున్నాడు.

ఆవిడ కాసేపు ఓపిక పట్టింది.

"ఏవిటండీ ఈ నడపడం, వెనక గేదెనేమన్నా కట్టుకొచ్చారా? తొక్కండి!"