గంట తాగిన మొదటి గుక్క

రా తల్లీ, ఇలా దగ్గరికి జరుగు. నా గొంతు వీధి చివరిదాకా వినపడే రోజులు అయిపోయాయి, ఇప్పుడు నీ చెవిదాకా వస్తే అదే పదివేలు. ఆ ఫోను బోర్లా పెట్టు. మీ అమ్మమ్మ అంత పెద్దగా ఎందుకు నవ్వేదని మొన్న భోజనాల దగ్గర అడిగావు గుర్తుందా? మీ అమ్మ పక్కనుందని మాట మింగేశాననుకున్నావేమో. అదేం కాదు, మీ అమ్మకి తెలియని సంగతా? నా నోట్లో ముద్ద ఉంది, అంతే.

మీ అమ్మమ్మా నేనూ ఒకే ఇంట్లో పనిచేశాం. మగాళ్ళు డబ్బిచ్చి వచ్చే ఇల్లు. నువ్వు ఉద్యోగం చేసుకుంటున్నదానివి, నీ దగ్గర నసుగుడెందుకు? మెట్లెక్కగానే పొడుగాటి వసారా, అటూ ఇటూ గదులు, గదికో మంచం, ఒక బకెట్టు, మేకుకి వేలాడే అద్దం. వసారా చివర వంటగది. నడుం పట్టేశాక నేను గదుల పని మానేసి ఆ వంటగదిలో చేరాను. టీ కాయడం, దుప్పట్లు ఉతకడం, అందరి ఏడుపులూ వినడం నా పని. మీ అమ్మమ్మ నవ్విందంటే వంటగదిలో గిన్నెలు మోగేవి. అందుకే ఆవిణ్ణి గంట అనేవాళ్ళం. అసలు పేరుతో పిలిస్తే పలికేది కూడా కాదు.

ఆ ఇంట్లో మందు ముట్టనివాళ్ళు లేరు. చల్లటి నీళ్ళు తలమీద పోసుకునే ముందు గట్టిగా ఊపిరి పీలుస్తాం చూడు, గదిలోకి వెళ్ళే ముందు మందు అలాంటిది. ఒక గ్లాసు దిగితే ఎవడి మొహమైనా ఒకటే. పైగా సీసాలమ్మేది ఆ ఇల్లు నడిపే ఆవిడే, తాగొద్దని చెప్పడానికి ఆవిడకేం పట్టింది? పక్కగది పొడుగుది మాత్రం మందు జోలికి పోయేది కాదు. దానివి మాత్రలు. మందుల షాపువాడు దాన్ని చూడగానే డబ్బా తీసేవాడు. అవి వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంటే, మనం పిలిచిన పిలుపు దానికి చేరేలోపు టీ చల్లారిపోయేది.

ఇంకో పద్ధతి ఉండేది ఆ ఇంట్లో. మందులో ఏదైనా కలిపి జేబులు ఊడ్చేస్తారేమోనని వచ్చేవాళ్ళకి ఒకటే బెంగ. అందుకని ఏ సీసా తెరిచినా మొదటి గుక్క ఆడది తాగాలి. గొంతు కదిలిందో లేదో వాడు కళ్ళు పత్తికాయల్లా చేసుకుని చూస్తాడు. ఆ తర్వాతే గ్లాసు వాడి చేతికి వెళ్ళేది. కాబట్టి మానేద్దామనుకున్నా మానలేని ఇల్లది.

మీ అమ్మకి అప్పుడు ఏడేళ్ళుంటాయి. మీ అమ్మమ్మ వాళ్ళక్క దగ్గర పెరిగేది. ఆవిడ బట్టలు కుట్టేది, మాట కూడా కత్తెరతో కత్తిరించినట్టు ఉండేది. అంతకుముందు ఒకసారి గంట తాగి వెళ్ళి, పిల్ల జడ వేస్తూ వేస్తూ పిల్ల మీదే వాలి నిద్రపోయిందట. పిల్ల కదిలితే అమ్మ లేస్తుందని ముడుచుకుని అలాగే కూర్చుందట. అది చూసి వాళ్ళక్క తెగేసి చెప్పింది.

"వచ్చే నెల ఆఖరి ఆదివారం రా. గుమ్మంలో నా మొహం మీద ఊదు. వాసన రాలేదా, పిల్లని నీ వెంట పంపుతా, సాయంత్రందాకా తిప్పుకో. వచ్చిందా, ఈ గడప మళ్ళీ తొక్కకు."

గంట వచ్చి వంటగదిలో కూలబడింది. "ఏమే, నాకు మానడం చేతనవుతుందంటావా?" అంది. ఆ రోజు నవ్వలేదు.

ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చి వెళ్తుండేది. "ఒక్కసారిగా ఆపకు, ఒళ్ళు వణికి మూర్ఛ రావచ్చు. నేను చూస్తుంటాను, కొద్దికొద్దిగా తగ్గించు. మందూ మాత్రా మాత్రం ఒకే రోజు వద్దు, ఊపిరే ఆగిపోతుంది," అని గట్టిగా చెప్పింది. సరే, మా గంట మొదలెట్టింది. పాలు లేని టీ కాచి చల్లార్చి సీసాలో పోస్తే అచ్చం మందు రంగే. ఆ తర్వాత ఆవిడ తాగే గ్లాసులన్నీ నా టీవే. మొదటి గుక్క మాత్రం నిజం మందు, తప్పేది కాదు. అబ్బో, ఆ రోజుల్లో ఆవిడ కోపం చూడాలి! చెంచా కింద పడితే చెంచాని తిట్టేది. చేతులు వణికితే గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "చంటిపిల్లనైపోయానే, ఉయ్యాల కూడా కట్టండి," అనేది.

అలా అలా శనివారం వచ్చింది. తెల్లారితే అక్క చెప్పిన ఆదివారం. సాయంత్రం లారీ డ్రైవరు వస్తాడు, ప్రతి శనివారం వచ్చే మనిషి. ఆ ఒక్క గుక్క తాగినా పొద్దుటికి నోట్లో ఉంటుందేమోనని గంటకి గుబులు. పొడుగుది మెల్లగా వచ్చి అరచెయ్యి చాపింది. అందులో తెల్ల మాత్ర.

"వేసుకోవే. దీనికి వాసనుండదు. మీ అక్క ముక్కు కాదు కదా, వాళ్ళ తాత ముక్కు కూడా పట్టలేదు."

 తల్లీ, అది అన్నది నిజం. ఆ మాత్ర వేసుకుంటే చేతులు వణకవు, వాసన రాదు, అక్క ఊదమంటే హాయిగా ఊదచ్చు. గంట ఆ అరచేతినే చూస్తూ ఉండిపోయింది. ఆఖరికి పొడుగుదాని వేళ్ళు తనే మూసేసింది.

"వద్దులేవే. అది వేసుకుంటే నాకు నవ్వు రాదు. నా పిల్ల నా నవ్వు కోసం కదా చూసేది. మళ్ళీ దాని ఒళ్ళో పడి నిద్రపోనా?"

"మరి డ్రైవరు సంగతి?" అన్నాను.

"వాడికీ నీ టీయే పోస్తా. పట్టుకుంటే కాళ్ళ మీద పడతా. అరిస్తే నువ్వు గరిటె తీసుకునిరా."

సీసా మూత బిగించి ఇచ్చాను. డ్రైవరు గదిలోకి వెళ్ళి తలుపు పడగానే నేనూ పొడుగుదీ చెవులు తలుపుకి అంటించేశాం. గంట మొదటి గుక్క తాగింది. డ్రైవరు తాగాడు.  నేను గరిటె పైకెత్తి పట్టుకున్నాను.

"అబ్బా, ఘాటుగా ఉందే!" అన్నాడు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. ఇంకోటి. తల తిరుగుతోందన్నాడు. గోడ మీద రెండు బల్లులున్నాయన్నాడు, ఉన్నది ఒకటే. తర్వాత పాట అందుకున్నాడు. టీ తాగి తూలే మగాణ్ణి నా జన్మలో చూడలేదు తల్లీ! గంట ఎంతసేపని ఆపుకుంటుంది? పగలబడి నవ్వేసింది. ఇక గుట్టు బయటపడిందనుకుని నేను తలుపు తోసేశాను, గరిటెతో సహా.

డ్రైవరు గరిటె చూసి రెండు చేతులూ ఎత్తాడు. "కొట్టకమ్మా! మొదటి గుక్కకే తెలిసింది, టీ అని."

"తెలిసి ఈ వేషాలేంటయ్యా?"

"ఆవిడ ముచ్చట ఎందుకు పాడుచెయ్యాలని. పొద్దున్నే బండి తీయాలి, తాగితే కడుపులో మంట. ఆవిడకి మందుంటేనే హుషారని ఇన్నాళ్ళూ కొంటున్నా."

"ఓరి నీ దుంప తెగ!" అంది గంట. "నీకు హుషారని నేను తాగుతుంటే!"

ఇద్దరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు కడుపులు కాల్చుకున్నారన్నమాట. మూతి ముడుచుకోకు, నవ్వు. మేమూ నవ్వాం, సీసాలో మిగిలిన టీ వేడిచేసుకుని తాగాం.

ఇంకేం, గట్టెక్కామనుకున్నాం. అసలు తప్పు పొద్దున జరిగింది, చేసింది మేమే. ఎవరైనా బయటికి వెళ్తుంటే వాసన దాచి పంపడం మాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ గంటని మధ్యలో నిలబెట్టి ఒకతె లవంగాలు నమిలించింది, ఒకతె పౌడరు కొట్టింది, పొడుగుది సెంటు బుడ్డి మెడమీదే వంచేసింది. దాచడానికి ఈసారి ఏమీ లేదన్న మాట ఒక్కదానికీ తట్టలేదు, నాతో సహా.

నేనూ వెంట వెళ్ళాను. బస్సులో మా పక్క సీట్లో కూర్చున్నాయన తుమ్మి తుమ్మి లేచి వెళ్ళిపోయాడు. అప్పుడైనా బుర్ర వెలగలేదు. వాళ్ళక్క తలుపు తీసింది, ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది, ఊదమని కూడా అనలేదు.

"ఈ సెంటు నాకు కొత్త కాదు. ఇది పూసుకొచ్చిన ప్రతిసారీ నువ్వు తాగే వచ్చావు. వెళ్ళు."

"అక్కా, ముట్టలేదే, ఒట్టు..."

"ఆ ఒట్టు కూడా కొత్త కాదు."

తలుపు పడిపోతోంది. నాకు ఆవిడ మీద పడి కొట్లాడాలనిపించింది.  వాకిట్లో కుళాయి ఉంది. గంట నేరుగా దాని కింద తల పెట్టేసింది. అక్కడ గిన్నెలు తోమే సబ్బు ముక్క ఉంటే దాంతోనే మొహం, మెడ, జుట్టు రుద్దేసుకుంది. పుక్కిలించి పుక్కిలించి లవంగాలు ఊసేసింది. చీరంతా తడిసి, బొట్టు కారిపోయి, గుమ్మం ముందు కాళ్ళు బారజాపి కూర్చుంది.

"అక్కా, ఇప్పుడు చూడు. ఇక్కడ నేను తప్ప ఇంకేం లేదు."

వాళ్ళక్క మళ్ళీ తలుపు తీసింది. తర్వాత వంగి, మొహం దగ్గరికి మొహం పెట్టింది. గంట నోరు తెరిచి ఊదింది. ఆవిడ మళ్ళీ ఊదమంది. మళ్ళీ ఊదింది.

"టీ," అంది వాళ్ళక్క, తనలో తను అనుకున్నట్టు. "టీ తాగావేంటే?"

"రాత్రి నుంచీ అదేనే అక్కా. నా కడుపు చూడు, కుండలా ఊగుతోంది."

అప్పుడు మీ అమ్మ, వాళ్ళ పెద్దమ్మ కాళ్ళ సందులోంచి తల బయటపెట్టింది. తడిసి ముద్దైన తల్లిని కిందనుంచి పైదాకా చూసి, "అమ్మా, చీరతోనే స్నానం చేశావా? నన్ను తిడతావుగా అలా చేస్తే!" అంది.

ఇక చూడు, గంట మోగింది. ఎదురింటి వాళ్ళు కిటికీలు తెరిచారు. ఆ నవ్వుకి మీ పెద్దమ్మమ్మ కూడా పెదవి కొరుక్కుంది, నేను చూశాను. తువ్వాలు తెచ్చి చెల్లెలి తలమీద పడేసి, "తుడుచుకో, జలుబు చేస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టేసరికి పిల్ల ఇంట్లో ఉండాలి," అంది.

ఆ తర్వాత ఎప్పుడూ జారలేదని చెప్పను. జారింది. మళ్ళీ నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ నేను టీ కాచాను. వాళ్ళక్క మాత్రం తలుపు మూయలేదు, ప్రతిసారీ ఊదించి మరీ లోపలికి రానిచ్చింది. ఆ కుళాయి దగ్గర ఒక మంచి సబ్బు కూడా పెట్టింది. మీ అమ్మమ్మ పోయిన రోజు కూడా ఆవిడ మంచం పక్కన నా టీయే ఉంది.

ఇప్పుడు నీకెందుకు చెప్పానంటే, పొడుగుది లేదు, మీ పెద్దమ్మమ్మ లేదు, డ్రైవరు లేడు, ఆ ఇల్లూ లేదు. ఇది తెలిసినవాళ్ళు మీ అమ్మా, నేనూ, ఇప్పుడు నువ్వు. గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలు మా తాతమ్మ ఎలా ఉండేదని అడిగితే, ఆవిడ ఏ పని చేసిందో చెప్పు, ఎలా తాగిందో చెప్పు, ఎలా మానిందో చెప్పు. పౌడరు కొట్టి సెంటు పూసి చెప్పకు, అంతే. ఆ గరిటె సంగతి మరిచిపోకు. ఇక లేచి స్టవ్ వెలిగించు, కబుర్లతో నా గొంతు ఎండిపోయింది.