నాలుగు వేళ్ళ తీగ

ప్రతి శుక్రవారం అరకు సంతకి జనం దిగకముందే విశ్వాసం తన కొట్టు తలుపు తీసి, ఉన్న బేస్ గిటార్లని ఒక్కొక్కటిగా కాటాకి తగిలించేవాడు. ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకె సుద్దముక్కతో గిటారు వీపు మీద రాసేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. కాటా అంటే మిరియాల బస్తాలు తూచే కొక్కెం కాటాయే. కొత్త బేస్ అయితే నాలుగు కిలోల చిల్లర తూగుతుంది. కానీ ఈ కొండల్లో కొత్తవి కొనేదెవరు? విశాఖపట్నంలో చర్చిలవాళ్ళూ పెళ్ళి బ్యాండువాళ్ళూ వాయించి వాయించి వదిలేసినవి కిరండోల్ రైల్లో పైకొస్తాయి. వాయించినవాడి అలుపంతా వాటిలోకి దిగి ఉంటుంది కాబట్టి ఒకటి ఏడు కిలోలుంటే ఒకటి పన్నెండు తూగుతుంది. శ్రుతి సంగతి తరవాత, కొనడానికి వచ్చినవాళ్ళు ముందు బరువే అడుగుతారు.

లోపలి అలుపు బయటికి రావాలంటే తీగల మీదుగానే రావాలి. పని చేసి అలిసినవాడి బేస్‌కి లావు తీగలు వెయ్యాలి. దుఃఖంతో అలిసినవాడి దానికి ఫ్లాట్ తీగలు, అంటే పైన నున్నటి పట్టీ చుట్టినవి, వేలు జరిపితే కీచుమనవు. తగువులాడి బ్యాండు వదిలేసినవాడి దానికి సన్నవి చాలు. తప్పు సెట్టు వేస్తే మాత్రం ఏడాదిపాటు వాయించినా వీసమెత్తు తగ్గదు, పైగా కొన్నవాడికి నడుం పట్టేస్తుంది.

ఈ విద్య విశ్వాసానిది కాదు, అతని భార్య సుజానాది. పిల్లలకి జ్వరం చూసినట్టు గిటారు వీపు మీద అరచెయ్యి ఆనించి, ఏ తీగలో చెప్పేసేది. తీగ ఎక్కించేటప్పుడు, దాన్ని చుట్టి బిగించే కీ దాటాక నాలుగు వేళ్ళు కొలిచి కోసేది. పెళ్ళయిన కొత్తలో విశ్వాసం సరిగ్గా కీ దగ్గరికే కోసి ఒక సెట్టంతా పాడుచేస్తే నెలరోజులు ఆట పట్టించింది. "కోసిన తీగ మళ్ళీ పెరగదు మాస్టారూ," అనేది. ఆమె చెయ్యి చిన్నది. ఆమె నాలుగు వేళ్ళు అతనికి మూడే. అందుకని అతను మూడు వేళ్ళే కొలిచేవాడు.

సుజానా పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచీ విశ్వాసం తన సొంత బేస్ ముట్టుకోలేదు. ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం సుజానా దానికి కొత్త తీగలు కట్టింది. అవి తుప్పు పట్టి నల్లబడ్డాయి, మార్చాలంటే కొయ్యాలి. అతను కొయ్యలేదు. వాయించకుండా పెట్టిన బేస్‌లో అలుపు ఊరికే ఉండదు, తిరిగి మనిషి మీదికే వస్తుందని అరకులో ఎవర్నడిగినా చెబుతారు. చేతులు రెండూ భుజాలు దాటి లేవడం మానేశాయి. పంచదార డబ్బాని సుజానా పై అరలో పెట్టి వెళ్ళింది. అది అందక మూడేళ్ళుగా చప్పిడి టీయే తాగుతున్నాడు. ఎవరినైనా దించమని అడగొచ్చు. అడగడానికీ ఓపిక లేదు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, అంతా బాగానే ఉంది, విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి తప్ప అతను చేస్తున్నదేముంది?

సీతంపేటలో అక్క మగ్దలేనమ్మ తన ఇంట్లో అతని కోసం ఒక మంచం వేయించి ఉంచింది. ఆ మంచం ఎక్కితే ఇక దిగనని విశ్వాసానికి తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు. సోమవారం కొట్టు గది కాఫీపొడి అమ్మే తాతారావుకి అప్పగించాలి. ఉన్నవన్నీ అమ్మేశాడు. మిగిలింది బల్ల మీద తన బేస్ ఒక్కటే. తూచబోతే కాటా కొక్కెం సాగిపోయింది, నలుగురు కూలీలు పట్టినా కదల్లేదు.

"బల్లతో సహా ఉంచీ మాస్టారూ," అన్నాడు తాతారావు. "పక్కన కస్టమర్లు కూకుంటారు."

ఆఖరి శుక్రవారం రాజులమ్మ వచ్చింది. డుంబ్రిగుడ అవతల కొండ మీద ఊరు, కాఫీ, మిరియాల పని, నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళో రేకుల షెడ్డు వేసి కొత్తగా చర్చి పెట్టుకున్నారు. కీబోర్డు ఉంది, డ్రమ్ముంది, బేస్ లేదు.

"ఎవరు వాయిస్తారు?" అని అడిగాడు విశ్వాసం.

"నానే. పాస్టరమ్మ గిటారు మీద లావు తీగలు రెండూ వాయించి నేర్సుకున్నాను."

"అన్నీ అయిపోయాయమ్మా. కొట్టు మూసేస్తన్నాను."

"మరదేటి?"

"అది అమ్మకానికి కాదు. ఎవరికీ లెగదు కూడా."

రాజులమ్మ కళ్ళు మెరిశాయి. "అంత బరువుందా? అయితే మంచి సరుకే. పనసకాయైనా గుమ్మిడికాయైనా బరువున్నదే గదా ఏరుకుంటాం."

కాదమ్మా, బేస్ సంగతి వేరు, తేలికైనదే మంచిదని చెప్పబోయాడు. వినలేదు. భుజం మీది తువ్వాలు చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని, బల్ల పక్కన గొంతుక్కూర్చుని, గిటారుని అంచుకి కొద్దికొద్దిగా లాక్కుని దాని కిందికి తల దూర్చింది. మోకాళ్ళు పటపటమన్నాయి. లేచి నిలబడింది. మూడేళ్ళ తరవాత ఆ బల్ల వంపు తీరి నిటారుగా అయింది.

"మోపుని ఎత్తకూడదు మాస్టారూ. దాని కిందికి దూరాల," అంది రొప్పుతూ.

విశ్వాసం బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "దించు. తీగలు మార్చాలి," అన్నాడు.

సొరుగులోంచి ఫ్లాట్ తీగల సెట్టు తీశాడు. మూడేళ్ళ కిందే తెప్పించి పెట్టుకున్నది, అట్టపెట్టె కూడా విప్పలేదు. ఏ తీగ దేనికో రాజులమ్మ అడిగితే చెప్పాడు. సుజానా సంగతీ చెప్పాడు. చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది. ఆమె గిటారు వంకా అతని వంకా చూసింది. కొండ మీది వాళ్ళు "మీరు" అనరు, "నువ్వు"లోనే మర్యాదంతా ఉంటుంది.

"నువ్వేడిసినావేటి మాస్టారూ, ఆవిడ పోయినప్పుడు?"

"నేదు."

"ఏం?"

"ఓపిక చాలక."

"మరైతే ఇది ఏడుపు అలుపు కాదు. మోత అలుపు. మూడేళ్ళు దించకుండా మోసీసినావు. నాకు తెల్దేటి మోత సంగతి? లావు తీగలెయ్యి."

సుజానా పోయాక ఆమెలాగే ఎందరి గిటార్ల వీపుల మీదో చెయ్యి ఆనించాడు గానీ, తన దాని మీద ఎప్పుడూ ఆనించలేదని విశ్వాసానికి అప్పుడు తట్టింది. ఫ్లాట్ తీగలు మళ్ళీ సొరుగులో పెట్టేశాడు.

కీలు తుప్పు పట్టి తిరగలేదు. సుజానా చుట్టిన చుట్లు విప్పడానికి రాలేదు. కటింగ్ ప్లేయరు రాజులమ్మకి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నాను కొయ్యను. మీ ఇంటిది కట్టినవి. నువ్వే కోసుకో."

మొదటి తీగ తెగినప్పుడు లోతుగా ఒక శబ్దం వచ్చింది, గోడకున్న ఖాళీ మేకులన్నీ కాసేపు అదిరాయి. మూడో తీగ దగ్గర విశ్వాసానికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. రాజులమ్మ గుమ్మంలోకి వెళ్ళి సంతకేసి చూస్తూ నించుంది. నాలుగోది కోశాక ముక్కు చీది, కొత్త లావు తీగలు ఎక్కించాడు. అలవాటుగా మూడేసి వేళ్ళు కొలిచాడు.

ధర దగ్గర ఇద్దరూ పెద్దగా బేరమాడలేదు. పాత తీగలు కొన్నవాళ్ళకే ఇచ్చెయ్యడం ఇక్కడి ఆనవాయితీ, కాఫీతోటల్లో నీడకి పెంచే సిల్వరోకు చెట్లకి మిరియాల తీగ కట్టుకోవడానికి పనికొస్తాయి. విశ్వాసం వాటిని చుట్టగా చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"గట్టిగా బిగించకు," అన్నాడు.

జీపు డ్రైవరు భీముడు ఆమె నెత్తి మీద బరువు చూసి, టైర్లు పేలిపోతాయి, ఎక్కొద్దన్నాడు. రాజులమ్మ దారి పొడుగునా నడిచే వెళ్ళింది.

ఆదివారం పొద్దున విశ్వాసం చర్చికి వెళ్ళలేదు. ఊరెళ్ళడానికి బట్టలు సర్దుకోవాలి. సగం సర్ది, అలిసిపోయి, టీ పెట్టుకున్నాడు. పొంగు వచ్చింది. పొయ్యి తగ్గించి, డబ్బా తీసి మూత తిప్పాడు. పంచదార రాయిలా గడ్డకట్టి ఉంది. చెంచా వెనకవైపుతో పొడిచి ఒక ముక్క టీలో వేశాక గానీ, ఆ డబ్బా ఎక్కడినుంచి తీశాడో అతనికి గుర్తు రాలేదు. పై అర వంక చూశాడు. డబ్బా ఉన్న చోట దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. డుంబ్రిగుడ అవతలి కొండ మీద చర్చిలో ఆ వేళకి రాజులమ్మ రెండో పాటకి బేస్ అందుకుని ఉంటుంది. టీ ఎక్కడ చల్లారిపోతుందోనని నిలబడే తాగేశాడు.

సోమవారం తాతారావు టేపు పట్టుకుని గది కొలవడానికి వచ్చేసరికి విశ్వాసం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రైల్లో వచ్చిన బేస్ ఒకటి. స్టేషన్ నుంచి తనే మోసుకొచ్చాడు. తాతారావు గుమ్మంలో ఆగి టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎంత తూగింది మాస్టారూ?"

"పద్నాలుగు. కాటా కొక్కెం వంచి బాగుచేశాను. టీ ఉంది తాగు, పంచదార వేసిందే."

తీగని కీ దాటించి వేళ్ళు ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. కోద్దామని ప్లేయరు తీశాడు. తరవాత తన నాలుగో వేలు కూడా ఆనించి, దాని పక్కన కోశాడు. కీ చుట్టూ ఒక చుట్టు ఎక్కువ వచ్చింది. వస్తే రానీ అనుకుని బిగించాడు.