సిరా తగలకూడని చెక్క

ఐర్లండ్‌లోని కార్క్ ఊళ్లో మా వీధి ఇళ్లు ఖాళీ చేయిస్తున్నారు. రేపటి ఊరేగింపు కరపత్రానికి బొమ్మ కావాలి. మా వీధిలోనే బతికి చనిపోయిన అట్రాక్టా ముల్క్వీన్ అచ్చు వేయడానికని ఎప్పుడో చెక్క మీద చెక్కింది: కోర్టు అమీనాలు ఓ తల్లిని గుమ్మంలోంచి ఈడ్చేస్తున్న బొమ్మ. ఆ చెక్క ఇప్పుడు ఆమె కాగితాలతో పాటు ఆర్కైవ్స్‌లో మెత్తటి గుడ్డ మీద పడుకుంది.

"ఒక్క అచ్చు తీసుకోనివ్వండి సార్."

అధికారి టైనన్ అదిరిపడ్డాడు. "సిరానా? అమ్మో! జాతి సంపదమ్మా అది. ఇక్కడ పెన్సిల్ తప్ప వాడకూడదు."

"ఆవిడ సిరా పుయ్యడానికే చెక్కింది నాయనా, మీరు జోల పాడ్డానికి కాదు."

"రూలు రూలే."

సరే. పల్చటి కాగితం చెక్క మీద పరిచి, వాళ్లిచ్చిన పెన్సిల్‌తోనే రుద్దాను. తల్లి, గుమ్మం, అమీనాలు పైకి తేలారు. సిరా అచ్చులో పడేదానికి బొమ్మ ఎడమకుడిగా తిరగబడింది. అయితేనేం, ఈడ్చేవాడు ఈడ్చేవాడే.

పెన్సిల్‌తో రుద్దకూడదన్న రూలు కోసం టైనన్ వెతుకుతుండగా, కాగితం చుట్టుకుని ప్రెస్సుకు నడిచాను.